శంకర్ పెడల్‌లోంచి వచ్చిన గొంతు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి టీ తాగడానికి పోయే రకాన్ని. భయంతో కాదు, విసుగుతో. లక్సెట్టిపేట బస్టాండు వెనక చిన్న గదిలో ఎన్నో ఏళ్లు రేడియోలు, టేపురికార్డర్లు బాగు చేశాను. సెట్టులో గొంతు వినిపిస్తోందంటే దానికి ఒక స్టేషనుంటుంది, లేదా ఊడిపోయిన తీగ ఉంటుంది. "మా రేడియోల ఎవలో మూలుగుతున్నరు బిడ్డా" అని ఒక ముసలమ్మ సెట్టు తెస్తే, వెనక మూత విప్పి లోపలి బల్లిగుడ్లు చూపించి, కండెన్సర్ మార్చి పంపించాను. మళ్లీ మూలగలేదు.

అలాంటివాణ్ని ఇది చెబుతున్నాను. జరిగింది పట్టపగలు. నేను అక్కడే ఉన్నాను. చేతిలో టెస్టర్ కూడా ఉంది. జరిగి ముప్పై ఏళ్లు దాటింది. అప్పటికీ ఇప్పటికీ నా లెక్క తేలలేదు.

మా బామ్మర్ది శంకర్‌ది మందమర్రి. మా ఆవిడ పద్మకు ఒక్కడే తమ్ముడు. వాళ్ల నాన్న, అంటే మా మామ కొమురయ్య, బొగ్గు బాయిలో పని చేసేవాడు. లోపల బొగ్గును పేల్చే పనిలో ఏళ్ల తరబడి ఉండడంతో ఆయన చెవులు బాగా మందగించాయి. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి, పెదాలు కనిపించేలా గట్టిగా చెప్పాలి. వెనక నుంచి పిలిస్తే పలకడు. ఇంట్లో అందరికీ అది అలవాటైపోయింది.

శంకర్ కాలనీ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, ఎవరు పిలిస్తే అక్కడికి. మామకు అది నచ్చేది కాదు. గిటారును పేరు పెట్టి పిలవడు. "గా డబ్బా" అనేవాడు. "గా డబ్బా పక్కన పెట్టి అన్నం తినరాదు?" ఇదీ తండ్రీ కొడుకుల మధ్య సంగీతం గురించి నడిచే మాట.

వాడు ఇంట్లో సాధన చేసుకోవడానికి నేనే గిటారు శబ్దాన్ని పెంచే ఒక చిన్న ఆంప్ చేసిచ్చాను. ఎనిమిది అంగుళాల స్పీకరు, పది వాట్లు, కాలనీ వడ్రంగి కొట్టిన చెక్క పెట్టె. గదిలో వాయించుకోవడానికి సరిగ్గా సరిపోయేది.

అప్పుడొచ్చింది పెడల్, గిటారుకూ ఆంప్‌కూ నడుమ తగిలించేది. శంకర్ దోస్తు ఒకడు బొంబాయి నుంచి తెచ్చాడు. గుప్పెడంత ఇనుప డబ్బా, పసుపు రంగు, మీద మూడు గుండీలు, కాలితో నొక్కే స్విచ్చి. లోపల చదరపు బ్యాటరీ. దాన్ని తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, బస్సులో పసిపాపను తెచ్చినట్టు నా దుకాణానికి తెచ్చాడు.

"బావా, గిది నొక్కితే ఒక్క తీగె మీటినా పది మంది కొట్టినట్టు వస్తదట."

మూడు గుండీలూ చివరిదాకా తిప్పాడు. ఆంప్ వాల్యూం కూడా చివరిదాకా తిప్పాడు. కాలితో నొక్కాడు.

పక్క దుకాణంలో మిషను కుడుతున్న దర్జీ బయటికి ఉరికొచ్చాడు. రోడ్డు రోలరు వెనక్కి వస్తోందనుకున్నాడట. స్పీకరు కాగితం పటపటా కొట్టుకుంది. ఆ పైన సన్నని ఈల ఒకటి మొదలై, శంకర్ తీగల మీద చెయ్యి వేసినా ఆగలేదు.

ఆ రోజంతా ఇద్దరం దాని మీదే కూర్చున్నాం. చిన్న ఆంప్‌కు పెడల్ కలపడమంటే చిన్న గిన్నెలో నాలుగు సోలల బియ్యం వండబోవడమే. పొంగిపోతుంది. ఆంప్ వాల్యూం పావు వంతు దగ్గర ఆపి దాన్ని శుభ్రంగా ఉంచాలి. గరగర అంతా పెడలే చెయ్యాలి. పెడల్‌లో గరగర పెంచే గుండీ మూడో వంతు దాటొద్దు, దాని లెవెల్ గుండీ మాత్రం పెంచుకోవచ్చు. కీచుమనే పై స్వరాన్ని తగ్గించాలి, ఎందుకంటే చిన్న స్పీకరు ఉన్న కీచుదనాన్ని రెట్టింపు చేస్తుంది. పెట్టెను మూలకు జరిపి గోడకు ఆనించాక గొంతుకు కాస్త కండ వచ్చింది. సాయంత్రానికి శంకర్ ఒక తీగ మీటితే పెట్టెలోంచి నిండైన, బొంగురైన శబ్దం సాగుతూ వచ్చింది. దర్జీ కూడా లోపలికొచ్చి, "ఇప్పుడు జర మనిషి లెక్క పాడుతుంది" అన్నాడు.

వారం తర్వాత కొత్త పరేషాన్ మొదలైంది. పెడల్ నొక్కి, గిటారు ముట్టకుండా ఉంటే ఆంప్‌లోంచి రేడియో వినిపిస్తోంది. నేను మందమర్రి వెళ్లేసరికి మా అత్త ఆంప్ ముందు పీట వేసుకుని కూర్చుని, వరి తెగుళ్ల గురించి శ్రద్ధగా వింటోంది.

"మీ డబ్బా ఎవుసం గూడ చెప్తది అల్లుడా" అంది.

ఇందులో వింతేమీ లేదు. పెడల్ చిన్న శబ్దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది, కాబట్టి నాసిరకం తీగ ఏరియల్‌లా పనిచేసి స్టేషన్ను పట్టేస్తుంది. మంచి జాలీ చుట్టిన తీగ వేసి, ఆంప్‌లో తీగ గుచ్చే చోట ఒక బుల్లి కండెన్సర్ పెట్టాను. రేడియో పోయింది. వారం పాటు రోజూ పెట్టి చూడమన్నాను. మళ్లీ రాలేదు. అత్త మాత్రం కొంచెం నిరాశపడింది.

ఒక్క గుమ్మనే మోత మిగిలింది. పెడల్ లేనప్పుడు చెవికి ఆననిది, పెడల్ నొక్కగానే తేనెతుట్టె కదిపినట్టు లేచేది. శంకర్‌కు అది నచ్చేది కాదు. తీగలు మార్చాను, పెడల్ దూరం జరిపాను, ఏమీ లాభం లేదు. చివరికి ఆంప్‌కున్న మూడు పిన్నుల ప్లగ్గు విప్పి, ఎర్త్ తీగ ఊడదీసి, దాని కొసకు టేపు చుట్టి మళ్లీ బిగించాను. మోత సగానికి సగం తగ్గింది. శంకర్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఆ పని నేనే చేశాను. చెయ్యకూడదని తెలిసే చేశాను. ఇంట్లో వాయించుకునేదే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంకొకరు నా దుకాణానికి వచ్చి అదే చెయ్యమంటే తిట్టి పంపేవాణ్ని.

ఆ వానాకాలం చివర మామ రిటైరయ్యాడు. క్వార్టర్ల ముందు ఖాళీ జాగాలో షామియానా వేశారు. యాటను కోశారు. ఆయనతో పని చేసినవాళ్లు, వాళ్ల కుటుంబాలు, మా చుట్టాలు కలిసి వంద మందిపైనే. పొద్దున అందరూ దండలు వేసి మాట్లాడారు. మామకు ఎవరు ఏమంటున్నారో వినబడక, అందరికీ ఒకే రకంగా తల ఊపాడు. మధ్యాహ్నం అరగంట వాన పడి వెలిసింది. భోజనాలయ్యాక పాటలు.

శంకర్ నెల రోజుల నుంచి ఒక్క వరస సాధన చేస్తున్నాడు. మామ బాయి నుంచి వచ్చి స్నానం చేస్తూ ఒక కూనిరాగం తీసేవాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ల అవ్వ, అంటే తల్లి, జమ్మికుంట దగ్గరి ఊళ్లో పత్తి ఏరుతూ పాడేదట. మామకు పదేళ్లప్పుడే ఆమె చనిపోయింది. మాటలన్నీ మరిచిపోయాడు, వరస ఒక్కటే మిగిలింది. ఆ వరసను శంకర్ పెడల్ మీద వాయించి తండ్రికి వినిపించాలి. పెడల్ ఎందుకంటే, ఆ బొంగురు మోత అయితే మందపు చెవులకు కూడా అందుతుందని వాడి ఆశ. మోటుగా వాయించడానికే కొన్నాడనుకున్న నాకు, ఆ మాట విన్నాక వాడి మీద ప్రేమ పెరిగింది.

బెంచీలు నాలుగు కలిపి వేదిక చేశారు. శంకర్ దాని మీద హవాయి చెప్పులతో నిలబడ్డాడు. పక్కన నా ఆంప్, దాని పక్కన కుర్చీలో నేను. ముందు వైపు మైకు స్టాండు. మైకు సెట్టు ఒక కుర్రాడిది, కరెంటు వేరే క్వార్టర్ నుంచి లాక్కున్నాడు. మామ మొదటి వరసలో మెడ నిండా దండలతో కూర్చున్నాడు. ఆయనకూ ఆంప్‌కూ మధ్య పదిహేను అడుగుల దూరముంటుంది.

శంకర్ వాయించాడు. చాలా బాగా వాయించాడు. నాలుగైదు నిమిషాలు. మామ ముఖంలో ఏ మార్పూ లేదు. వినబడుతోందో లేదో తెలియలేదు. జనం చప్పట్లు కొట్టారు. పెడల్ ఇంకా నొక్కే ఉంది, గుమ్మనే మోత సన్నగా సాగుతోంది. ఆ వరస ఎవరిదో చెబుదామని శంకర్ మెడలో గిటారుతోనే మైకు వైపు రెండడుగులు వేశాడు. ఎడమ చెయ్యి తీగల మీద ఉంది. కుడి చెయ్యి మైకు స్టాండు వైపు చాపాడు.

అప్పుడు ఆంప్‌లోంచి ఒక గొంతు వచ్చింది.

"కొమ్రా."

ఆడమనిషి గొంతు. పెద్దగా లేదు. గోడ అవతల నుంచి పిలిచినట్టుంది. పనిలో ఉండి, కొంచెం విసుగ్గా, పిలిస్తే రావేం అన్నట్టు. ఒక్కసారే.

మామ లేచి నిలబడ్డాడు.

"ఆఁ, వస్తున్ననే" అన్నాడు.

అని, దండలతోనే తిన్నగా వేదిక వైపు నడిచాడు. కొడుకు వాయిస్తుంటే ఆ దరిదాపులకే రాని మనిషి తన వైపు నడిచి వస్తుంటే, శంకర్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. స్టాండుకూ వాడి వేళ్లకూ అప్పటికి జానెడు దూరముంది.

"ఏంది బాపూ?" అని అడిగాడు, తండ్రికి కనబడేలా వంగి.

"నన్ను పిలిచిన్రు గద."

"ఎవలు పిలిచిన్రు?"

మామ ఆంప్ వైపు చూశాడు.

నాకు మొదట వచ్చింది భయం కాదు, సిగ్గు. మళ్లీ రేడియో పట్టుకుందనుకున్నాను. ఇంతమందిలో నా పని నవ్వులపాలైంది అనుకుంటూ లేచి ఆంప్ వెనక్కి వెళ్లాను. ఏ పెట్టె విప్పినా ముందు టెస్టర్ పెట్టి చూడడం నాకు అలవాటు. పైజేబులోంచి తీసి, ఆంప్ లోపలి భాగాలు బిగించిన ఇనుప పళ్లెం మీద పెట్టాను.

టెస్టర్ లోపలి చిన్న దీపం భగ్గున వెలిగింది. గిటారు తీగల మీద పెట్టాను. అక్కడా వెలిగింది.

"శంకర్, ఎన్కకు జరుగు. దేన్నీ ముట్టకు" అన్నాను. మైకు కుర్రాడితో మెయిన్ బంద్ చేయించి, మా ఆంప్ ప్లగ్గు నేను పీకేసి, వాడి మెడలోంచి గిటారు తీయించాను. తర్వాత గిటారును ఒక్కదాన్నే బెంచీ మీద పెట్టి, ఆంప్ ప్లగ్గు మళ్లీ పెట్టి, కరెంటు ఇప్పించి, టెస్ట్ లాంపు తీగ ఒకటి గిటారు తీగకు, ఇంకొకటి మైకు స్టాండుకు తగిలించాను.

బల్బు నిండుగా వెలిగింది. ఇంట్లో వెలిగినట్టే.

అంటే వాడు చెప్పులతో బెంచీ మీద ఉన్నంతసేపూ కరెంటుకు దారి లేక బతికిపోయాడు. కుడి చెయ్యి ఆ స్టాండుకు తగిలుంటే ఒక చేతి నుంచి ఇంకో చేతికి, గుండె మీదుగా పోయేది. ఎర్త్ తీగ ఉండి ఉంటే ఆంప్‌లో కరెంటు తేలగానే ఫ్యూజు ఎగిరిపోయేది. అది తీసింది నేను.

నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. పద్మ వచ్చి, "ఏందయ్యా, గట్ల చెమటలు పడ్తున్నయి?" అంటే, ఎండ అన్నాను. అప్పుడు మబ్బుంది.

ఫంక్షన్ మాత్రం ఆగలేదు. గిటారునూ పెడల్‌నూ తీసుకుపోయి మైకు సెట్టులోనే కలిపాను. అన్నీ ఒక్క చోటు నుంచే వచ్చేలా, ఎర్త్ రెండుసార్లు చూసుకుని. ఆ బొంగురు శబ్దం స్తంభానికి కట్టిన హారన్‌లోంచి కాలనీ అంతా వినిపించింది. బాయిలో మామతో పని చేసిన పాత జోడీదార్లు దండలు మెడలో వేసుకుని ఎగిరారు. ఒకాయన తలపాగా ఊడిపోతే చేతిలో పట్టుకుని ఆడాడు. చీకటి పడే వేళకు శంకర్ ఆ వరసను ఆరోసారి వాయిస్తున్నాడు. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. నేనొక్కణ్నే మెయిన్ పక్కన కాపలా కూర్చున్నాను.

మరునాటి నుంచి నా పని మొదలైంది.

ఆంప్ విప్పాను. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒక చోట తీగ మీది పూత రాసుకుపోయి, ఇనుముకు తగులుతోంది. వాన తేమకు ఆ పూత పూర్తిగా పోయింది. కరెంటు ఎందుకు తేలిందో తెలిసింది. గొంతు సంగతి తెలియలేదు.

మొదట రేడియో. మాకు బాగా అందే స్టేషను ఆ వేళకు బంద్ ఉంటుంది, మధ్యాహ్నం వార్తలయ్యాక మళ్లీ సాయంత్రమే. ఇంకేదో దూరపు స్టేషను కావచ్చు. పోలీసుల వైర్‌లెస్ కావచ్చు. అవునని ఒప్పుకుంటాను. ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టించి, అదే జాగాలో, అదే పెడల్, అదే తీగ, గుండీలు అదే కొలతలో పెట్టి ఎన్నో మధ్యాహ్నాలు కూర్చున్నాను. మోత తప్ప ఏమీ రాలేదు.

తర్వాత మనుషుల్ని విడివిడిగా అడిగాను. శంకర్‌కు గర్రుమన్న చప్పుడే వినిపించింది. అత్తకు అదీ లేదు. మైకు కుర్రాడు, "ఎవరో ముసలామె పిలిచింది గదన్నా" అన్నాడు, నేనడగడమే వింతన్నట్టు. పద్మకు ఇంకా కోపం తగ్గలేదు. "బాపును గట్ల పేరు పెట్టి పిలిచిందెవలు? అంత మందిల జర మర్యాద ఉండొద్దా?"

అది నిజమే. ఆయన్ని అందరూ కొమురన్నా అనో, కొమురయ్య మామా అనో పిలుస్తారు. అత్త పేరెత్తదు. ఆయన్ని కొమ్రా అని పిలవగల పెద్దవాళ్లెవరూ ఆ రోజు అక్కడ లేరు.

ఒక క్యాసెట్ కూడా ఉంది. మామ జోడీదారు ఒకాయన మొదటి వరసలో టేపురికార్డర్ పెట్టి మొత్తం పట్టాడు. దాన్ని నా దుకాణంలో నెమ్మదిగా తిప్పి, వేగంగా తిప్పి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎన్నిసార్లు విన్నానో. శంకర్ వరస ఉంది. చప్పట్లున్నాయి. మోత ఉంది. ఆ తర్వాత మామ "ఆఁ, వస్తున్ననే" అనడం స్పష్టంగా ఉంది. ఆ రెంటి నడుమ నేను నా చెవులతో విన్నది లేదు.

ఎదురుగా నిలబడి అరిస్తే గానీ వినబడని మనిషి, పదిహేను అడుగుల దూరం నుంచి వచ్చిన సన్నని పిలుపుకు ఎలా పలికాడో నాకు తెలియదు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"ఆనాడు నిన్ను పిలిచిందెవలు మామా?"

"ఎవలైతే ఏంది అల్లుడా, పిలిస్తె పోవాలె గద" అన్నాడు. అంతే.

శంకర్‌కు జరగబోయిన ప్రమాదం చెప్పాను, నా తప్పు కూడా చెప్పాను. వాడు "నువ్వు టెస్టర్ పెట్టకపోతే ఏమయ్యేదో బావా" అని నన్నే మెచ్చుకున్నాడు. ఆ గొంతు సంగతి వాడు నమ్మలేదు. బాపు తన వరస విని, ఉండబట్టలేక లేచొచ్చాడని వాడి నమ్మకం.

దానికి సాక్ష్యం కూడా వాడి దగ్గరుంది. ఆ తర్వాత మామ మారిపోయాడు. ప్రతి ఆదివారం భోజనం కాగానే కుర్చీ తెచ్చుకుని ఆంప్ ముందు వేసుకునేవాడు. "ఏదీ, గిటార్ కొట్టు" అనేవాడు, డబ్బా అని కాదు. శంకర్ పొంగిపోయి గంటలు గంటలు వాయించేవాడు. మూడేళ్లు, మామ పోయేదాకా, ఒక్క ఆదివారం తప్పలేదు. ఆ మూడేళ్లలో వాడు ఎంత ఎదిగాడంటే, తర్వాత కరీంనగర్‌లో పిల్లలకు నేర్పే స్థాయికి వచ్చాడు.

నేను వాడికి చెప్పనిది ఒకటుంది. ఆ ఆదివారాల్లో నేనూ చాలాసార్లు పక్కన కూర్చున్నాను. వాయించేటప్పుడు మామ అటూ ఇటూ చూసేవాడు, బీడీ వెలిగించేవాడు. వరస అయిపోయి, శంకర్ తీగల మీద చెయ్యి వేసి ఆపి, పెడల్ మోత ఒక్కటే సన్నగా మిగిలినప్పుడు బీడీ పక్కన పెట్టి ముందుకు వంగేవాడు. శంకర్ పెడల్ బంద్ చెయ్యబోతే చెయ్యెత్తి ఆపేవాడు.

"జర ఉండనీయిరా" అనేవాడు.

వాడు ఉంచేవాడు. మామ వినేవాడు. ఏం వినిపించేదో, అసలేమైనా వినిపించేదో నాకు తెలియదు. ఆ పెట్టెలో తీగలు అతికిన ప్రతి టాకా నేను వేసిందే. అందులోంచి ఏ చప్పుడు ఎందుకు వస్తుందో చెప్పగలను, ఆ ఒక్కటి తప్ప.